గ్రూప్స్‌లో ఎంపిక కాకపోతే విఫలమైనట్లేనా?

అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-1కు చదువుతున్నాననీ, ఎంపిక కానందుకు జీవితంలో విఫలమైనట్లేనా అనీ, అసలు వైఫల్యమంటే ఏమిటనీ మీరు అడిగారు. నేను బాలానగర్‌లో ఒక కాంక్రీటు పరీక్షాశాలలో పనిచేస్తున్నాను కనుక, ఆ పనిలో నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

మా దగ్గరికి వచ్చే 150 మిల్లీమీటర్ల క్యూబులను 28 రోజుల వయసు వచ్చేదాకా నీటి తొట్టిలో ఉంచి, తర్వాత యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతాం. పగిలినందుకు ఏ క్యూబునూ తప్పుపట్టం. ఎంత బరువు దగ్గర పగిలిందో రాసుకుని, డ్రాయింగులో అడిగిన గ్రేడుతో పోలుస్తాం. గ్రేడు ఎం25 అన్నంత మాత్రాన ప్రతి క్యూబూ చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు దాటాలని కాదు. అంతకన్నా తగ్గే ఫలితాలు 5 శాతానికి మించవని ఆశించే బలమే ఎం25 అని కాంక్రీటు కట్టడాలకు మన దేశం పాటించే ఐఎస్ 456 ప్రమాణం నిర్వచిస్తుంది. కొన్ని తగ్గుతాయన్నది నిర్వచనంలోనే ఉందంటే కొత్తగా సైటుకు వచ్చిన ఇంజనీర్లు ఒకపట్టాన నమ్మరు.

అదే ప్రమాణం కూలిపోవడాన్ని ఒక హద్దుగానూ, నిలిచి ఉన్నా వాడుకకు పనికిరాకుండా పోవడాన్ని మరొక హద్దుగానూ విడివిడిగా చూస్తుంది. దూలం కూలకపోయినా, అతిగా వంగి పైనున్న గోడను పగలగొడితే అదీ వైఫల్యమే. కూలడంలోనూ తేడా ఉంది. కాంక్రీటు నలగకముందే లోపలి ఇనుప కడ్డీలు సాగేలా లెక్క కడితే, దూలం ముందుగా వంగి, పగుళ్లు చూపించి, కింద ఉన్నవారికి తప్పుకునే వ్యవధినిస్తుంది. ఇనుము మరీ ఎక్కువ పెడితే కాంక్రీటే ముందు నలిగి, దూలం హెచ్చరిక లేకుండానే విరుగుతుంది.

ఇక మీ విషయం. ఇంటర్‌లో 35 శాతం మార్కులన్నది కదలని గీత, దాన్ని అందరూ దాటవచ్చు. 2024 గ్రూప్-1 ప్రకటనలోనైతే 563 పోస్టులకు 4 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అక్కడ గీత ఇతరుల మార్కులను బట్టి జరుగుతుంది, అందరూ ఎంత బాగా రాసినా చాలామంది మిగిలిపోక తప్పదు. దాన్ని వైఫల్యంగా లెక్కించడం నా దృష్టిలో కొలతను తప్పుగా చదవడమే. అలాగని దిగులు పడనక్కర్లేదని అనను, ఎందుకంటే వాడుక హద్దు మీకూ ఉంది: ఈ చదువు మీ ఆరోగ్యాన్నీ ఇంటి పొదుపునూ ఎంతవరకు వంచవచ్చో, ఏ ప్రయత్నం తర్వాత వేరే ఉద్యోగం చూసుకోవాలో ఇంట్లో ఖర్చు లెక్క తెలిసినవారితో కూర్చుని, ఫలితాలు రాకముందే కాగితం మీద పెట్టుకోండి.