సీడీ5, సీడీ19 పాజిటివ్ అంటే ఒంట్లో 85 శాతం క్యాన్సర్ పాకినట్టా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చిత్తూరు దగ్గర పల్లె. నాన్నకు 64 ఏళ్లు, మామిడి తోట చూసుకుంటారు. కంటి శుక్లాల ఆపరేషన్‌కని రక్త పరీక్ష చేయిస్తే తెల్ల కణాలు 38,000, అందులో లింఫోసైట్లు 82 శాతం అని వచ్చింది. హిమోగ్లోబిన్ 13.2, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. జ్వరం లేదు, తిండీ నిద్రా మామూలే. తర్వాత ఫ్లో సైటోమెట్రీ చేయిస్తే సీడీ19, సీడీ5, సీడీ23 పాజిటివ్, 85 శాతం అని రాసి, చివర్లో ‘సీఎల్ఎల్’ అన్నారు. సీడీ అంటే హెచ్ఐవీ పరీక్ష అని మా ఊళ్లో ఒకరంటున్నారు. 85 శాతం క్యాన్సర్ పాకిపోయిందా? నాన్నకు ఇంకా చెప్పలేదు. ఆపరేషన్ ఆపేశాం. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆ 85 సంగతి చెబుతాను. జబ్బు ఒంట్లో ఎంత పాకిందో చెప్పే అంకె కాదది. తీసిన రక్తంలో లింఫోసైట్లను విడిగా లెక్కపెడితే, నూటికి 85 కణాల మీద ఆ గుర్తులు ఉన్నాయని మాత్రమే. సీఎల్ఎల్ అంటే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా, లింఫోసైట్లు అనే తెల్ల కణాలు అతిగా పెరిగే జబ్బు. అందులో జబ్బు కణాలు రక్తంలోనే తిరుగుతుంటాయి కాబట్టి ఈ అంకె పెద్దగానే వస్తుంది. దీన్ని చూసి కుప్పకూలిపోయిన కుటుంబాలను చాలా చూశాను.

‘పాజిటివ్’ అన్న మాటా అంతే. కరోనా తర్వాత ఆ మాట వింటేనే గుండె జారుతోంది. సీడీలంటే కణాల మీద గుర్తుల్లా ఉండే ప్రొటీన్లు. ఇక్కడ పాజిటివ్ అంటే ఆ ప్రొటీన్ కణం మీద ఉంది, నెగెటివ్ అంటే లేదు. లింఫోసైట్లలో బి కణాలు, టి కణాలు అని ముఖ్యమైన రకాలున్నాయి. ఆరోగ్యంగా ఉన్న మీ రక్తంలోనూ బి కణాల మీద సీడీ19 ఉంటుంది, టి కణాల మీద సీడీ3, సీడీ5 ఉంటాయి. ఒక్కో ల్యాబు ఒకే ప్రొటీన్‌కు ఒక్కో పేరు పెట్టుకుని తికమక పడుతుంటే, 1982లో పారిస్‌లో శాస్త్రవేత్తలు సమావేశమై వాటికి సీడీ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడవి 370 దాటాయి. సీడీ4 వాటిలో ఒకటి. హెచ్ఐవీ వైరస్ ఆ ప్రొటీన్‌ను పట్టుకుని కణంలోకి దూరుతుంది, అందుకే ఆ రోగులకు సీడీ4 లెక్కపెడతారు. మీ నాన్నగారి రిపోర్టుకూ హెచ్ఐవీకీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట ఊళ్లో ఇంకొకరి నోట పడకముందే సరిదిద్దండి.

అలిపిరి మెట్ల దగ్గర కాసేపు నిలబడితే, గుండూ గంధమూ ఉన్నవాళ్లు తలనీలాలు ఇచ్చి వస్తున్నారని, కండువా ఉన్నవాళ్లు శ్రీవారి సేవకులని, ఖాకీ వేసుకున్నది పోలీసని పేరు అడక్కుండానే తెలుస్తుంది. సేవకుల కండువా, ఖాకీ యూనిఫాం ఒకే మనిషి మీద కనిపిస్తే మాత్రం ఆగి చూస్తాం. పాథాలజిస్టు చేసేదీ ఇదే. ఒక్కో సీడీకి అతుక్కునే యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి రక్తంలో కలుపుతారు. కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ వెలుగు ముందు నుంచి వెళ్తుంటే, దేని మీద ఏ రంగు మెరిసిందో మిషన్ నమోదు చేసుకుంటుంది. మీ నాన్నగారి కణాల మీద సీడీ19 ఉంది, కాబట్టి అవి బి కణాలు. కానీ వాటి మీదే టి కణాలకు ఉండాల్సిన సీడీ5 కూడా ఉంది. అలాంటి బి కణాలు మామూలు రక్తంలో కొద్దిగానే ఉంటాయి. దానికి సీడీ23 తోడైంది. ఈ మూడూ ఒకే కణం మీద కలిసి కనిపించడం సీఎల్ఎల్ పోలిక. సీడీ5 ఉండి సీడీ23 లేకపోతే మాంటిల్ సెల్ లింఫోమా అనే, చాలావరకు ఇంకా వేగంగా నడిచే జబ్బేమోనని వెతకాల్సి వచ్చేది.

రిపోర్టులో కప్పా, లాంబ్డా అని ఒక వరుస ఉంటుంది, అదీ చూడండి. ఇవి బి కణాల మీదుండే మరో రెండు ప్రొటీన్లు, ఒక్కో కణం మీద ఏదో ఒకటే ఉంటుంది. మంచి బి కణాల్లో కప్పా ఉన్నవీ లాంబ్డా ఉన్నవీ కలిసే ఉంటాయి, సుమారు 2:1గా. జబ్బు కణాలన్నీ ఒకటే రకంగా ఉంటే, అవి ఒకే కణం నుంచి పుట్టినవని అర్థం. ఇన్ఫెక్షన్ వల్ల పెరిగిన లింఫోసైట్లు అలా ఉండవు. అలాంటి కణాలు మైక్రోలీటరుకు 5,000 దాటి 3 నెలలు నిలిచి ఉంటే సీఎల్ఎల్ అంటాం. నాన్నగారికి మొత్తం లింఫోసైట్లే 31,000 పైచిలుకు. ఎముక మూలుగ పరీక్ష మామూలుగా అవసరం ఉండదు.

సీఎల్ఎల్ రక్త క్యాన్సరే, దాచను. అయితే చాలామందిలో ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. మీరు రాసిన అంకెలను బట్టి వెంటనే మందు మొదలుపెట్టాల్సిన అవసరం కనిపించడం లేదు. ‘క్యాన్సర్ అని చెప్పి ఊరికే పంపించేశారు’ అని బాధపడొద్దు. లక్షణాలు లేనివాళ్లకు ముందే మందు ఇచ్చినా ఆయుష్షు పెరగలేదని పరిశోధనల్లో తేలింది. హిమోగ్లోబిన్ 10 కిందికి పడితే, ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు తగ్గితే, మెడలో చంకల్లో బిళ్లలు బాగా పెరిగితే, కారణం లేకుండా బరువు తగ్గితే, రాత్రి బట్టలు తడిసేలా చెమట పడితే అప్పుడు చికిత్స ఆలోచిస్తాం. దానికి ముందు 17పీ, టీపీ53 అనే జన్యు పరీక్షలు అడిగి చేయించుకోండి, ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే తేలుతుంది. బి కణాల మీదుండే సీడీ20 మీద పనిచేసే రిటుక్సిమాబ్ లాంటి మందులు ఇచ్చేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి.

తిరుపతి స్విమ్స్‌లో మెడికల్ ఆంకాలజీ ఉంది, మీకు వేలూరు కూడా దగ్గరే. ఎక్కడైనా ఒకచోట చూపించి అక్కడే కొనసాగండి. ఈలోగా పేరు తెలియని పొడులూ కషాయాలూ వద్దు. ఈ జబ్బులో ఇన్ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి కనుక న్యుమోనియా, ఫ్లూ టీకాల గురించి అడగండి.

నాన్నగారికి చెప్పండమ్మా. ఇది ఏళ్ల తరబడి చూపించుకోవాల్సిన జబ్బు. బిళ్ల పెరిగినా, జ్వరం వచ్చినా ముందు తెలిసేది ఆయనకే. మంచి మాటల్లో, మీరే చెప్పండి.

కంటి ఆపరేషన్ మానుకోవద్దు. ఈ ప్లేట్‌లెట్లతో సీఎల్ఎల్ దానికి అడ్డు కాదు. రక్తం డాక్టర్‌కు ఒకసారి చూపించి, రిపోర్టును కంటి డాక్టర్ ముందు పెట్టి తేదీ తీసుకోండి. తోతాపురి కోతల నాటికి చూపు కుదుటపడితే తోట ఆయనే చూసుకోగలుగుతారు.