ఉపవాసం మర్నాడు తగ్గిన ఆ కిలోన్నర ఎక్కడికి పోయింది?

ప్రశ్న: నా వయసు 43. బరువు 76 కిలోలు. చాలా ఏళ్లుగా వారానికి ఒక రోజు భక్తితో ఉపవాసం ఉంటున్నాను. ఆ రోజంతా నీళ్లు తప్ప ఏమీ ముట్టను. మర్నాడు పొద్దున తినేముందు తూకం చూసుకుంటే కిలోన్నర తగ్గి ఉంటుంది. మూడు నాలుగు రోజులకే మళ్లీ మొదటికొస్తుంది. ఈమధ్య వ్యాయామం మొదలుపెట్టాను, ఉపవాసం రోజు కూడా మానడం లేదు. కిందటి వారం మెట్లెక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాను. బీపీకి మాత్ర వాడుతున్నాను. వారానికి రెండు రోజులు ఉపవాసం ఉంటే బరువు తగ్గుతానా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది బరువు గురించి. నా మనసు మాత్రం మీరు గోడ పట్టుకున్న మాట దగ్గరే ఆగిపోయింది. ముందు అదే చెప్తాను.

తిండి మానితే ఒంట్లో ఇన్సులిన్ తగ్గుతుంది. దాంతో కిడ్నీలు ఉప్పును, ఉప్పుతో పాటు నీటిని ఎక్కువగా బయటికి పంపేస్తాయి. తిండితో రావాల్సిన ఉప్పు కూడా ఆ రోజు రాదు. మీ బీపీ మాత్ర మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే రకమైతే నీరు ఇంకా తగ్గిపోతుంది. అలాంటప్పుడు వ్యాయామం చేసినా, గబగబా మెట్లెక్కినా బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఈసారి గోడ అందింది, ప్రతిసారీ అందదు. వచ్చే ఉపవాసానికి ముందే మీ డాక్టర్‌ని కలిసి, ఆ రోజు మాత్ర మోతాదు గానీ వేళ గానీ మార్చాలేమో అడగండి. మీ అంతట మీరు మానేయొద్దు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూసుకోండి. పై సంఖ్య 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడినా, మళ్లీ కళ్లు తిరిగినా ఉపవాసం అక్కడితో విడిచేయండి. ఒంట్లో బాగాలేనివారికి చాలా మతాలు మినహాయింపు ఇచ్చాయి. దాన్ని వాడుకుంటే భక్తి తగ్గినట్టు కాదు.

ఇక ఆ కిలోన్నర సంగతి. మన కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాముల గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచిపెట్టుకున్న చక్కెర నిల్వ, ఉంటుంది. ఇది ఒంటికి చేతిఖర్చు డబ్బు లాంటిది. తిండి లేనప్పుడు కాలేయంలోని నిల్వ ముందు ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, అది పోతే ఆ నీరూ పోతుంది. పేగులు కూడా ఖాళీ అవుతాయి. కొవ్వు కరిగేది ఎంత? కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. మీరు రోజుకు 1,800 కేలరీలు తింటారనుకుంటే, ఒక రోజు పూర్తిగా మానినా కరిగేది మహా అయితే 230 గ్రాములు. మిగతాదంతా తినగానే తిరిగొచ్చేదే.

వారానికి 200 గ్రాములు పోయినా ఏడాదికి పది కిలోలు తగ్గాలి కదా అని మీకు అనిపించవచ్చు. మిగతా ఆరు రోజుల్లో రోజుకు 300 కేలరీలు ఎక్కువ తింటే ఆ 1,800 తిరిగొచ్చేసినట్టే. ముందు రాత్రి ‘రేపు ఎలాగూ తినం కదా’ అని రెండు ముద్దలు ఎక్కువ తింటాం. విడిచే పూట ఆకలి మీద తీపి, నూనెలో వేయించినవి గబగబా లోపలికి వెళ్తాయి. పైగా ఉపవాసం రోజు నీరసంతో తిరగడం కూడా తగ్గుతుంది. రంజాన్ ఉపవాసాల మీద జరిగిన అధ్యయనాల్లోనూ నెలకు సగటున కిలో పైచిలుకు తగ్గి, తర్వాత కొన్ని వారాల్లోనే చాలావరకు తిరిగొచ్చినట్టు తేలింది.

అందుకే బరువు కోసం రెండో రోజు ఉపవాసం వద్దంటాను. నలభై దాటాక కండ దానంతటదే కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటుంది. వారంలో రెండు రోజులు ప్రొటీన్ అందకపోతే ఆ నష్టం పెరగొచ్చు. కండ తగ్గితే మీరు చేస్తున్న వ్యాయామానికి ఫలితం దక్కదు. మామూలు రోజుల్లో మీ బరువుకు రోజుకు 75 గ్రాముల దాకా ప్రొటీన్ అందేలా చూసుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి. బరువులెత్తే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు, అదీ తిన్న రోజుల్లోనే చేయండి. ఉపవాసం రోజు కాసేపు మెల్లగా నడిస్తే చాలు. విడిచేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత కొంచెం తేలికైన ఆహారం తీసుకుని, ఒక అరగంట ఆగి భోజనం చేయండి.

ఈ జవాబు చదివే షుగర్ పేషెంట్లకు ఒక మాట. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే ఏదైనా తీపి తీసుకుని ఉపవాసం విడిచేయాలి.

ఇక మీ తూకం. ఉపవాసం విడిచే ముందు చూసుకోవడం మానేయండి. ఉపవాసానికి ముందు రోజు పొద్దున, ప్రతి వారం అదే వేళకు చూసి రాసుకోండి. మూడు నెలల తర్వాత ఆ కాగితం తీసి చూస్తే నిజంగా ఎంత తగ్గారో తెలుస్తుంది.