కణంలో సంకేతాన్ని పట్టుకోవడం గురించి మా అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బరంపురంలో పరిశోధనకు చేరావని, మహేంద్రగిరి అడవుల్లో దొరికే మొక్కల సారాలు వాపును కలిగించే కణసంకేతాలను ఆపుతాయో లేదో చూడటమే నీ పని అని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. నేను ముప్పై ఏళ్లు చేసిన పని కూడా దానికి దగ్గరిదే. నువ్వు పంపిన ప్రయోగ ప్రణాళికను రెండుసార్లు చదివాను. కణాలకు ముందు సారం ఇచ్చి, తర్వాత వాపును రేపే సంకేత ప్రోటీన్ టీఎన్‌ఎఫ్ ఇచ్చి, గంట గడిచాక ప్రోటీన్లు తీసి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం ప్రకారం వేరుచేసి, ఒక పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చేస్తానని రాశావు. ఆ "గంట గడిచాక" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మన మహేంద్రతనయ సంగతి నీకు తెలుసు. కొండ మీద గట్టిగా వాన కురిస్తే ఏరు ఉన్నట్టుండి పొంగుతుంది, అంతే త్వరగా తీస్తుంది. సాయంత్రం గట్టు మీదికి వచ్చి ఇసుకను మాత్రమే చూసినవాడు ఇవాళ వరదే రాలేదని ప్రమాణం చేసి చెప్పగలడు. టీఎన్‌ఎఫ్ సంకేతం అలాంటిదే. టీఎన్‌ఎఫ్ వచ్చి కణం పైపొరలో సంకేతాన్ని అందుకునే గ్రాహకాలను దగ్గరకు చేర్చగానే, లోపలివైపు ఉన్న వాటి తోకల దగ్గర ట్రాడ్, ట్రాఫ్-2, రిప్-1 అనే ప్రోటీన్లు గుమిగూడతాయి. ఆ గుంపు చివరికి ఐకేకే అనే కైనేజ్‌ను, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమును, మేల్కొలుపుతుంది. అప్పటిదాకా ఐ-కప్పా-బి-ఆల్ఫా అనే ప్రోటీన్ వాపు జన్యువులను పని చేయించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను కణద్రవ్యంలో పట్టి ఉంచుతుంది. ఐకేకే ఆ ఐ-కప్పా-బి మీద 32, 36 స్థానాల్లోని సెరీన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన ఐ-కప్పా-బికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ అతుక్కుంటుంది, ప్రోటీన్లను తుంచే ప్రోటియసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి, డీఎన్ఏలో సుమారు పది అక్షరాల పొడవున్న తన గుర్తును వెతుక్కుని అక్కడి జన్యువులను పని చేయిస్తుంది. ఇదంతా పావుగంటలో జరిగిపోతుంది.

అలా మొదట పనిలోకి వచ్చే జన్యువుల్లో ఐ-కప్పా-బి-ఆల్ఫా జన్యువు కూడా ఉండటమే ఇక్కడ కీలకం. ఎన్‌ఎఫ్-కప్పా-బి తనను బంధించేదాన్ని తానే తయారు చేయిస్తుంది. అందువల్ల పదిహేను నిమిషాలకు దాదాపు మాయమైన ఐ-కప్పా-బి గంట గడిచేసరికి మళ్లీ కనిపిస్తుంది. నువ్వు గంట దగ్గర మాత్రమే చూస్తే, ఏమీ ఇవ్వని కణాలూ టీఎన్‌ఎఫ్ ఇచ్చిన కణాలూ ఒకేలా కనిపించవచ్చు.

ఇది పుస్తకం చూసి చెబుతున్నది కాదు. 1996లో నేను సరిగ్గా ఈ పొరపాటే చేశాను. సున్నా నిమిషం, అరవై నిమిషాలు, ఈ రెండే తీసుకుని, నా కణాలు టీఎన్‌ఎఫ్‌కు స్పందించడం లేదని నిర్ణయించుకుని, కణాలను మార్చి, వాటిని పెంచే సీరం మార్చి, టీఎన్‌ఎఫ్ మార్చి ఐదు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి విసిగి సున్నా, ఐదు, పది, పదిహేను, ముప్పై, అరవై, నూటఇరవై నిమిషాల నమూనాలు ఒకే జెల్ మీద నడిపాను. చీకటిగదిలో ఎర్రదీపం కింద ఎక్స్‌రే ఫిల్మును డెవలపర్‌లో ఊపుతుంటే మొదటి గీత నల్లగా తేలింది, రెండోది కొంచెం పలచబడింది, పది దగ్గర నీడలా మిగిలింది, పదిహేను దగ్గర ఖాళీ, ముప్పై దగ్గర సన్నటి చార, అరవై దగ్గర మళ్లీ నల్లటి గీత. ఐదు నెలలుగా నేను ఆ అరవై దగ్గరి గీతనే చూసి ఏమీ జరగలేదనుకున్నానని అప్పుడు అర్థమైంది. ఆ ఫిల్ము ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కాబట్టి సారాల జోలికి పోకముందే నీ కణాల్లో, నీ టీఎన్‌ఎఫ్‌తో, నీ చేత్తో ఈ కాలక్రమం మూడుసార్లు చేసి చూసుకో. మిల్లీలీటరుకు పది నానోగ్రాముల టీఎన్‌ఎఫ్‌తో మొదలుపెట్టవచ్చు. సంకేతం ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో తెలిశాకే దాన్ని ఏదైనా ఆపిందో లేదో చెప్పగలవు.

పాఠ్యపుస్తకాల్లో గ్రాహకాన్ని తాళంతోనూ, దానికి అంటుకునేదాన్ని తాళంచెవితోనూ పోలుస్తారు. ఆ పోలిక నాకు ఎప్పుడూ నచ్చలేదు. తాళం తీస్తే తీసినట్టే ఉంటుంది. గ్రాహకం అలా కాదు, తగిలినది ఎంత, ఎంతసేపు ఉంది అన్నదాన్ని బట్టి దాని జవాబు మారుతుంది. ఆ జవాబు కూడా చాలాసార్లు ప్రోటీన్ పరిమాణంలో కాక దాని స్థితిలోనూ, అది ఉన్న చోటులోనూ ఉంటుంది. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ ఎన్‌ఎఫ్-కప్పా-బిని యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్లో, యాంటీబాడీలోని కప్పా గొలుసు జన్యువు దగ్గర కనుగొన్నారు. కొత్త ప్రోటీన్ల తయారీని ఆపేసినా ఇతర కణాల్లో అది మేల్కొంటుందని కూడా అదే ఏడాది చూపించారు. అంటే అది ముందే అక్కడ ఉంది, కట్లు తెగడమే తరువాయి. అందుకే ఎన్‌ఎఫ్-కప్పా-బిలో భాగమైన పి65 మొత్తం ఎంత ఉందో కొలిచి, తగ్గలేదు కాబట్టి సారం పనిచేయలేదు అని రాయకు. కేంద్రకాన్ని, కణద్రవ్యాన్ని వేరు చేసి పి65 ఎటు ఉందో చూడు. ఆ రెండూ శుభ్రంగా వేరయ్యాయని చూపడానికి కేంద్రకంలో ఉండే లామిన్, కణద్రవ్యంలో ఉండే ట్యూబులిన్ అనే ప్రోటీన్లను పక్కనే పెట్టు.

ఇక ఫాస్ఫేట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కైనేజ్ తగిలించే ఆ ఫాస్ఫేట్ కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ నుంచి వస్తుంది. ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ప్రకటించినవాడు, 1929లో ఆయనతోనే కలిసి కండరంలో ఏటీపీని గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక తెలుగువాడి చేతుల్లో తేలిన అణువు నీ ప్రయోగంలో ప్రతి అడుగునా ఉంటుందన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరించే విషయం. కానీ ఆ ఫాస్ఫేట్ చాలా చంచలమైనది. నువ్వు కణాలను పగలగొట్టగానే కైనేజ్‌లూ, ఫాస్ఫేట్‌ను తీసేసే ఫాస్ఫటేజ్‌లూ ఒకే ద్రవంలో కలిసిపోతాయి. సంకేతం ఆగిపోయినా ఫాస్ఫటేజ్‌లు మాత్రం తమ పని మానవు, నువ్వు గొట్టం పట్టుకుని సెంట్రిఫ్యూజ్ ఖాళీ కోసం నిలబడ్డ సేపట్లోనే నువ్వు చూడాలనుకున్న గుర్తును తీసేస్తాయి. అందుకే ద్రవంలో ఫాస్ఫటేజ్‌లను ఆపే సోడియం ఫ్లోరైడ్, సోడియం ఆర్థోవనడేట్ తప్పనిసరి. వనడేట్‌ను సీసాలోంచి తీసి కలిపేస్తే సరిపోదు. దాన్ని పీహెచ్ పదికి తెచ్చి, పసుపురంగు పోయేదాకా మరిగించి, చల్లార్చి, మళ్లీ పీహెచ్ సరిచేసి, రంగు తిరిగి రాకుండా ఉండేవరకు అలాగే చేసిన తర్వాతే అది సరిగా పనిచేస్తుంది. ఇంతకంటే సులువైన దారి ఒకటుంది, నా ఓటు దానికే. పళ్లెంలోని ద్రవాన్ని తీసేసి, ప్రోటీన్ల ఆకృతిని విప్పే డిటర్జెంట్ ఎస్‌డీఎస్ ఉన్న వేడి బఫర్‌ను నేరుగా కణాల మీద పోసి, గీకి, వెంటనే మరిగించు. అన్ని ఎంజైములూ ఆ క్షణానే చచ్చిపోతాయి, గడియారం అక్కడితో ఆగుతుంది. అలా తీసిన నమూనాలో ప్రోటీన్ కొలవడానికి మామూలు బ్రాడ్‌ఫర్డ్ పద్ధతి పనికిరాదని మాత్రం గుర్తుంచుకో, ఎస్‌డీఎస్ దాన్ని చెడగొడుతుంది.

ఫాస్ఫేట్ గుర్తున్న ఐ-కప్పా-బిని చూడాలంటే ఇంకో చిక్కు ఉంది. గుర్తు పడగానే ఆ ప్రోటీన్ నాశనమవుతుంది కాబట్టి అది చేతికి చిక్కదు. ఎంజీ-132 లాంటి ప్రోటియసోమ్ నిరోధకాన్ని ముందుగా ఇస్తే గుర్తు పడినదంతా పోగుపడుతుంది, అప్పుడు ఐకేకే పనిచేస్తున్నదో లేదో స్పష్టంగా తెలుస్తుంది. నీ ప్రతి బ్లాట్‌లోనూ ఎంజీ-132 ఇచ్చిన నమూనా వరస ఒక్కటి ఉండాలని నా కోరిక.

బ్లాట్ పొర మీద ప్రోటీన్ లేని ఖాళీలను కప్పడానికి పాలపొడి వాడతానని రాశావు. మామూలు ప్రోటీన్లకు పర్వాలేదు, ఫాస్ఫేట్‌ను గుర్తించే యాంటీబాడీకి మాత్రం వద్దు. పాలలోని కేసీనే ఒంటినిండా ఫాస్ఫేట్లున్న ప్రోటీన్, నేపథ్యమంతా నల్లబారవచ్చు. ఆవు సీరం నుంచి తీసే అల్బుమిన్ అయిన బీఎస్ఏ వాడు. ఖరీదు ఎక్కువే, కాని ఒకసారి చేసిన ద్రవాన్ని చల్లగా దాచుకుని కొద్దిరోజులు వాడుకోవచ్చు. అలాగే ప్రతి వరసలో ప్రోటీన్ సమానంగా పోశావని చూపడానికి జీఏపీడీహెచ్ అనే ప్రోటీన్ వాడతానన్నావు. దాని పరిమాణం ముప్పై ఏడు కిలోడాల్టన్లు, ఐ-కప్పా-బి-ఆల్ఫా కూడా జెల్ మీద దాదాపు అక్కడే పరుగెడుతుంది. ఒకే పొరపై రెండూ చూస్తే ఏ గీత దేనిదో నువ్వే తేల్చుకోలేవు. యాభై దగ్గర కనిపించే ట్యూబులిన్ తీసుకో.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ప్రయోగ పత్రాల్లో "గది ఉష్ణోగ్రత" అని రాస్తే దాని అర్థం ఇరవై నుంచి ఇరవై ఐదు డిగ్రీలు. మే నెలలో కరెంటు పోయిన బరంపురం గది దాదాపు ఇంక్యుబేటరే. అక్కడ రెండు నిమిషాల ఆలస్యం చల్లటి దేశంలో రెండు నిమిషాల ఆలస్యంతో సమానం కాదు. పని మొదలుపెట్టేముందు మంచు నింపుకో, పళ్లేలను ఒకేసారి కాక క్రమంగా మొదలుపెట్టి అన్నిటినీ ఒకేసారి ఆపేలా సమయాలు కాగితం మీద రాసుకో. టీఎన్‌ఎఫ్‌ను వచ్చిన రోజే చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి గడ్డకట్టించు, ఒకే గొట్టాన్ని మాటిమాటికీ కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే దాని శక్తి పోతుంది.

ఇప్పుడు అసలైన భయం, మొక్కల సారాలు. నిజాయితీపరులైన వాళ్లు కూడా ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. సారం పోసిన కణాలు చస్తే సంకేతమూ ఆగుతుంది, అది సంకేతాన్ని ఆపడం కాదు. పైగా టీఎన్‌ఎఫ్ ఒక చేత్తో చావునూ మరో చేత్తో బతుకునూ పిలుస్తుంది, ఆ బతుకు ఎన్‌ఎఫ్-కప్పా-బి తయారు చేయించే ప్రోటీన్ల వల్లే వస్తుంది. కాబట్టి సారం నిజంగానే ఎన్‌ఎఫ్-కప్పా-బిని ఆపితే, కొన్ని గంటల తర్వాత టీఎన్‌ఎఫ్ ఆ కణాలను చంపవచ్చు. సారం ఒక్కటే, టీఎన్‌ఎఫ్ ఒక్కటే, రెండూ కలిపి, మూడు రకాలుగానూ బతికున్న కణాలను లెక్కపెట్టనిదే ఒక్క వాక్యమూ రాయవద్దు.

ఇంకొకటి, అడవి నుంచి తెచ్చిన ఆకుకూ వేరుకూ మట్టి ఉంటుంది, మట్టిలో బ్యాక్టీరియా ఉంటుంది, దాని పైపొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం నీ సారంలోకి చేరుతుంది. మ్యాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాల్లో అది టీఎల్ఆర్-4 గ్రాహకం ద్వారా అదే ఎన్‌ఎఫ్-కప్పా-బిని లేపుతుంది. ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ దాన్ని నాశనం చేయజాలదు. గాజుసామాను రెండువందల యాభై డిగ్రీల పొడివేడిలో అరగంట ఉంచితేనే పోతుంది. సారంలో అది ఉందో లేదో చూడటానికి గుర్రపునాడా పీత రక్తకణాలతో చేసే పరీక్ష ఉంది. మన ఒడిశాలోనే బాలేశ్వర్ తీరానికి ఆ జాతి పీతలు వస్తాయి. ఆ పరీక్ష చేయించకుండా ఏ సారం గురించీ "రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అని రాయకు.

పసుపును పోల్చి చూడటానికి నియంత్రణగా పెడతానన్నావు. మన వంటింటి పసుపు మీద నాకూ అభిమానమే. కాని అందులోని కర్క్యుమిన్ తానే వెలుగుతుంది, అనేక ప్రోటీన్లకు అతుక్కుంటుంది, నిలకడగా ఉండదు. పరీక్షల్లో తప్పుడు ఫలితాలిచ్చే దాని గుణాన్ని రసాయన శాస్త్రవేత్తలు 2017లో విపులంగా రాశారు. దానికి బదులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు పెట్టమని ఎవరైనా చెబితే అది ఎక్కడ పనిచేస్తుందో ముందు తెలుసుకో. దాని గ్రాహకం కణద్రవ్యంలో హెచ్‌ఎస్‌పీ-90 అనే ప్రోటీన్‌తో కలిసి ఉండి, మందు తగిలాక కేంద్రకంలోకి వెళ్లి ఎక్కువగా జన్యువుల దగ్గరే వాపును అణచివేస్తుంది. 2020లో కోవిడ్‌తో వెంటిలేటర్ మీదున్న రోగుల మరణాలను మూడోవంతు తగ్గించినది ఈ మందే. అయినా చాలా కణాల్లో అది ఐ-కప్పా-బి కరగడాన్ని ఆపదు. అంటే వాపు జన్యువు తగ్గినంత మాత్రాన ఐకేకే ఆగినట్టు కాదు. నీ సారం గ్రాహకం దగ్గర ఆపిందా, కైనేజ్ దగ్గరా, కేంద్రకంలోనా అన్నది వేర్వేరు ప్రయోగాలు చేసి తేల్చాలి. మామూలు సీరంలో స్టెరాయిడ్ హార్మోన్లు ఉంటాయి కాబట్టి, ఆ గ్రాహకాలతో పని పడినప్పుడు బొగ్గుతో శుద్ధి చేసిన సీరం తెప్పించుకో.

యాంటీబాడీ సీసా మీది పేరును మాత్రం నమ్మకు. ఆ ప్రోటీన్‌ను ఎస్‌ఐఆర్‌ఎన్ఏతో, అంటే జన్యువు నోరు మూయించే చిన్న ఆర్‌ఎన్ఏతో, తగ్గించిన కణాల్లో గీత కూడా తగ్గితేనే అది నీ ప్రోటీన్ గీత.

దసరాకు ఇంటికి వచ్చేలోపు ఆ ఏడు సమయాల బ్లాట్ ఒక్కటైనా పూర్తిచేయి. ఎలా వచ్చినా సరే, గీత చుట్టూ కత్తిరించకుండా పొర మొత్తం కనిపించే ఫోటో, పక్కన పరిమాణాల గుర్తులతో నాకు పంపు. నా పాత ఫిల్మును బీరువాలోంచి తీసి ఉంచుతాను, నువ్వు వచ్చాక రెంటినీ కిటికీ దగ్గర వెలుతురులో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ