స్టీవియాకు వచ్చింది వైరస్ కాదు, మొదలు కుళ్ళు

ప్రశ్న: నల్లరేగడిలో అరెకరం స్టీవియా (మధుపత్రి) వేశాను. నాటి ఐదు నెలలైంది. అక్టోబరు వానల తర్వాత అక్కడక్కడా మొక్కలు పసుపు రంగుకు మారి వాలిపోతున్నాయి. వైరస్ అని షాపులో చెబితే కార్బెండజిమ్ మూడుసార్లు కొట్టాను, తగ్గలేదు. ఆకులో తీపి తగ్గిందని యూరియా కూడా వేశాను. మా ఆవిడకు షుగర్ ఉంది. చక్కెర బదులు ఈ ఆకునే టీలో వేసుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: ముందు ఆ ఆకు టీలో వేసుకోవడం ఈ పూటే ఆపండి. కార్బెండజిమ్ ఆకు లోపలికి ఇంకే శిలీంద్రపు మందు, కడిగితే పోదు. స్టీవియాలో ఆకే పంట. వంకాయలా తొక్క తీసి తినేది కాదు, ఎండబెట్టి నేరుగా మరిగించుకునేది. మందు కొట్టిన ఈ కోతంతా పారేయండి, పశువులకూ వేయొద్దు.

వైరస్ అని చెప్పి శిలీంద్రపు మందు అమ్మారంటేనే ఆ సలహా ఏపాటిదో తెలుస్తోంది. డబ్బా మీద స్టీవియా పేరు ఉందో లేదో చూశారా?

వాలిన మొక్కను పీకి చూడండి. మొదలు దగ్గర తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం అనే శిలీంద్రం. వేరుశనగలో మొదలు కుళ్ళు తెచ్చేది ఇదే. దీని మీద కార్బెండజిమ్ పనిచేయదు. అసలు కారణం రేగడిలో నిలిచిన నీరు. ఈ పంటకు నీరు ఇంకే ఎర్ర గరప నేలలు నప్పుతాయి.

తెగులు సోకిన మొక్కలను చుట్టూ మట్టితో సహా తీసి కాల్చేయండి, గట్టున పడేయొద్దు. ఆ గింజలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. సాళ్ల మధ్య కాలువలు తీసి నీరు బయటికి పంపండి. తెగులు శిలీంద్రాన్ని అణచే మేలు శిలీంద్రం ట్రైకోడెర్మా విరిడిని కిలో తీసుకుని 45 కిలోల చివికిన పశువుల ఎరువు, 5 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా నీళ్లు చల్లుతూ గోనెసంచులు కప్పి 10 రోజులు నీడలో ఉంచి మొదళ్ల దగ్గర వేయండి. మీ అరెకరానికి ఇది చాలు. కార్బెండజిమ్ మళ్లీ కొడితే ట్రైకోడెర్మా కూడా చస్తుంది. వచ్చేసారి జానెడు ఎత్తు మడులపైనే నాటండి.

తీపి తగ్గిందని యూరియా వేయనక్కర్లేదు. పగటి పొద్దు తగ్గేకొద్దీ స్టీవియా పూతకొస్తుంది. సన్నటి తెల్లపూలు విచ్చాక ఆకులో తీపి తగ్గుతుంది. మొగ్గ కనిపించగానే, నేలకు నాలుగు వేళ్ల ఎత్తు మొదలు వదిలి కోయాలి. ఆకును నీడలో ఆరబెట్టండి.

మీ ఆవిడ సంగతి. 2015లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించింది ఆకు నుంచి శుద్ధి చేసిన తీపి పదార్థాలైన స్టీవియాల్ గ్లైకోసైడ్లను. అవి చక్కెరకు 200–300 రెట్లు తీపి, కాబట్టి చిటికెడు కూడా ఎక్కువే. వాడేముందు డాక్టరును అడగండి. ఇది వాడుతున్నామని షుగర్ మాత్రలు ఆపొద్దు. అన్నట్టు, దీనితో పాకం రాదు, అరిసెలకు ప్రయత్నించకండి.

యూరియా మళ్లీ ముట్టుకునే ముందు మట్టి పరీక్ష చేయించండి. కృషి విజ్ఞాన కేంద్రానికి మట్టితో పాటు, వాలిన మొక్క ఒకటి వేళ్లతో సహా తీసుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చాలదు.