పాఠకుల ప్రశ్నలు: మూడు ఊళ్ల బుడాపెస్ట్

ప్రశ్న: డాన్యూబ్ నదికి రెండు గట్ల మీద ఉన్న ఊళ్లు కలిసి బుడాపెస్ట్ నగరం అయిందని ఎక్కడో చదివాను. ఇక్కడ కృష్ణకు ఈవల ఉన్న మాది ఒక నగరపాలక సంస్థ, ఆవల ఉన్న మంగళగిరి, తాడేపల్లిది మరొకటి. అక్కడ ఆ ఊళ్లు ఎప్పుడు, ఎందుకు కలిశాయి?
– ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: కలిసినవి రెండు కావు, మూడు. పడమటి గట్టున బుడా, అదే గట్టున దానికి ఎగువన ఓబుడా, తూర్పు గట్టున పెస్ట్ ఉండేవి. ఈ మూడింటినీ ఒకే నగరంగా చేస్తూ హంగరీ 1872లో చట్టం చేసింది. 1873 నవంబరు 17 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే ముందు అక్కడి నేల తీరు చూడాలి. జర్మనీలో పుట్టి తూర్పు ముఖంగా సాగే డాన్యూబ్, ఈ నగరానికి కాస్త ఎగువన దక్షిణానికి తిరుగుతుంది. పడమటి గట్టున కొండలు నదిని ఆనుకునే లేస్తాయి. ఒడ్డునే ఉన్న గెల్లేర్ట్ కొండ ఎత్తు 235 మీటర్లు, లోపలి వైపు ఉన్న యానోష్ కొండ ఎత్తు 527 మీటర్లు. తూర్పు గట్టు మాత్రం చదునైన మైదానం. అందుకే రాజుల కోట బుడా కొండ మీద వెలిస్తే, వర్తకం పెస్ట్ మైదానంలో విస్తరించింది. కొండలూ మైదానమూ కలిసే చోట భూమిలోని పగుళ్ల వెంట వేడినీటి ఊటలు పైకి వస్తాయి. ఆ ఊరి స్నానశాలలకు అంత పేరు రావడానికి అవే కారణం.

రెండు గట్ల మధ్య పంతొమ్మిదో శతాబ్దం సగం వరకు శాశ్వతమైన వంతెన లేదు. పడవలను వరుసగా కట్టి వేసిన వంతెన ఉండేది కానీ, చలికాలంలో నది మీద మంచు గడ్డలు కొట్టుకువచ్చే ముందు దానిని విప్పేయవలసి వచ్చేది. 1820లో తండ్రి మరణించినప్పుడు సేచేని ఇస్త్వాన్ అనే ప్రభువు నది దాటలేక రోజుల తరబడి గట్టునే ఆగిపోయాడనీ, వంతెన కట్టించాలన్న పట్టుదల అతనికి అప్పుడే కలిగిందనీ చెబుతారు. నా దృష్టిలో ఆ వంతెన కన్నా దానికోసం 1836లో చేసిన చట్టమే గొప్పది. అంతవరకు సుంకాలేవీ చెల్లించని ప్రభువులు కూడా వంతెన దాటితే అందరిలాగే సుంకం కట్టాలని ఆ చట్టం శాసించింది. ఇంగ్లండుకు చెందిన విలియం టియర్నీ క్లార్క్ నమూనా గీయగా, ఆయనకు బంధువు కాని మరో క్లార్క్, స్కాట్లాండుకు చెందిన ఆడమ్, పని దగ్గరుండి చేయించాడు. ఆ గొలుసు వంతెన 1849 నవంబరు 20న తెరుచుకుంది. అప్పటికి సేచేని వియన్నా దగ్గర ఒక మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు.

మంచు చేసిన చేటు అంతటితో ఆగలేదు. 1838 మార్చిలో దిగువన పేరుకున్న మంచు నీటికి అడ్డు పడడంతో వరద పెస్ట్ మీదికి పొంగి, రెండు వేలకు పైగా ఇళ్లను కూల్చింది. గట్లు కట్టాలన్నా వీధులు తీర్చాలన్నా రెండు ఒడ్లనూ కలిపి ఆలోచించక తప్పదని నెమ్మదిగా అర్థమైంది. ఆస్ట్రియా పాలనకు ఎదురు తిరిగిన 1849 విప్లవ ప్రభుత్వం ఊళ్లను కలుపుతూ ఆజ్ఞ జారీ చేసినా, విప్లవం అణగారిపోవడంతో ఆ ఆజ్ఞ కాగితానికే పరిమితమైంది. 1867లో ఆస్ట్రియాతో రాజీ కుదిరి హంగరీకి సొంత ప్రభుత్వం వచ్చాక, 1870లో రాజధాని నిర్మాణ పనుల కోసం ఒక మండలి ఏర్పడింది. అంటే ప్రణాళిక ముందు ఒకటైంది, పురపాలన తరువాత ఒకటైంది.

ప్రశ్న: అంత పెద్ద నగరాన్ని ఒకే మేయర్ పాలిస్తారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఒక్కరు కాదు, ఇరవై నలుగురు. 1950లో చుట్టుపక్కల పట్టణాలనూ గ్రామాలనూ చేర్చుకుని నగరం 525 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. నేడు అక్కడ 23 డిస్ట్రిక్టులు ఉన్నాయి. వాటిలో ఆరు బుడా వైపు, పదహారు పెస్ట్ వైపు ఉండగా, ఒకటి నది మధ్యనున్న చెపెల్ ద్వీపంలో ఉంది. విజయవాడలోని 64 డివిజన్ల నుంచి కార్పొరేటర్లు వెళ్లి ఒకే కౌన్సిల్లో కూర్చుంటారు. అక్కడ అలా కాక ప్రతి డిస్ట్రిక్టుకూ సొంత మేయరు, సొంత కౌన్సిలు, సొంత బడ్జెట్టు ఉంటాయి. వీటన్నిటికీ పైన నగరమంతటికీ ప్రధాన మేయరు, ఒక మహాసభ ఉంటాయి. 1994 నుంచి ప్రధాన మేయరును ఓటర్లే నేరుగా ఎన్నుకుంటున్నారు. నగర రవాణా, మంచినీరు వంటివి పై సంస్థ చూస్తే, శిశు విద్యాలయాలు, చిన్న వీధుల వంటివి డిస్ట్రిక్టులు చూస్తాయి. ఏ రోడ్డు ఎవరిదన్న తగవు ఇలాంటి ఏర్పాటులో రాక మానదు. అయినా ఇంటి దగ్గరి సమస్యకు ఇంటి దగ్గరే జవాబుదారీ ఉండడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మన ధాన్యకటకం శాతవాహనుల కింద వెలుగుతున్న రోజుల్లో అక్కడ ఏముండేది?
– ఒక విద్యార్థి, అమరావతి, గుంటూరు ప్రాంతం

జవాబు: రోమన్ల సైనిక శిబిరం, దాని పక్కనే అక్వింకుమ్ అనే పట్టణం. ఇవి ఇప్పటి ఓబుడా ప్రాంతంలో, అంటే పడమటి గట్టునే ఉండేవి. అంతకుముందు గెల్లేర్ట్ కొండ మీద కెల్టు జాతివారు నివసించారు. క్రీ.శ. 106లో పన్నోనియా రాష్ట్రాన్ని రెండుగా విడదీసినప్పుడు దిగువ పన్నోనియాకు అక్వింకుమ్ రాజధాని అయింది. దాని మొదటి పాలకుడు హాడ్రియన్, తరువాతి కాలంలో చక్రవర్తి అయినవాడే. రోమన్లకు డాన్యూబ్ సామ్రాజ్యపు సరిహద్దు కావడంతో, ఆవలి గట్టున ఇప్పటి పెస్ట్‌లో కాపలా కోట మాత్రమే నిలిచింది.

నేటి హంగరీవారి పూర్వీకులైన మాగ్యార్లు వచ్చింది తొమ్మిదో శతాబ్దం చివర. 1241లో మంగోలులు పెస్ట్‌ను తగలబెట్టి, ఆ చలికాలంలో గడ్డకట్టిన నది మీదుగా పడమటి గట్టుకు కూడా దాటారు. వారు వెనుదిరిగాక నాలుగో బేలా రాజు బుడా కొండ మీద కోట కట్టించాడు. ఆ కోట 1541లో తురుష్కుల చేతికి చిక్కి 1686 దాకా వారి కిందే ఉంది. ఇక అక్వింకుమ్ పునాదులు మూడో డిస్ట్రిక్టులో నేటికీ ఉన్నాయి. 1894లో తెరిచిన మ్యూజియం వాటి మధ్యనే ఉంది.