వెదురు గడల నడుమ అడుగులు: ఫిలిప్పీన్స్ జానపద నృత్యాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో వైద్యవిద్య చదువుతోంది. కళాశాల ఉత్సవంలో తోటి విద్యార్థులతో కలిసి టినిక్లింగ్ అనే వెదురు నృత్యం చేసి వీడియో పంపింది. ఇది మిజోరంలో కనిపించే వెదురు నృత్యమేనా? స్పెయిన్ పాలకులు రైతులకు విధించిన శిక్ష నుంచి ఇది పుట్టిందని అక్కడివారు చెప్పారట, నిజమేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి అడుగు వేసిన ఆ నృత్యానికి పుట్టినిల్లు దవావో కాదు, మధ్య ఫిలిప్పీన్స్‌లోని విసాయ దీవుల్లో ఒకటైన లేటే. టిక్లింగ్ అనేది వరిమళ్లలో తిరిగే పొడవాటి కాళ్ల పక్షి. పంట మీదికి వచ్చే ఈ పక్షి కోసం రైతులు వెదురుతో ఉచ్చులు పన్నేవారు. గడ్డి దుబ్బుల మీదుగా, కొమ్మల నడుమగా, ఉచ్చులకు చిక్కకుండా అది వేసే చురుకైన అడుగులే నృత్యమయ్యాయని లేటే ప్రజలు చెప్పుకుంటారు. పేరు కూడా ఆ పక్షిదే.

నృత్యం జరిగే తీరు చూస్తే దాని అందం మరింత తెలుస్తుంది. దాదాపు 9 అడుగుల పొడవున్న రెండు వెదురు గడలను రెండు చెక్కపలకల మీద ఆనించి, రెండు కొసల దగ్గర ఇద్దరు కూర్చుంటారు. తాళం మూడు మాత్రలది. ఒక మాత్రకు గడలు రెండూ ఒకదానికొకటి తగులుతాయి, మిగిలిన రెండు మాత్రలకు అవి విడిపోయి పలకల మీద దెబ్బ వేస్తాయి. గడలు విడిపోయిన ఆ రెండు దెబ్బల వ్యవధిలోనే ఆడేవారి పాదం లోపల ఉండాలి, మూడోదానికి బయటపడాలి. తాళం పోనుపోను వేగమవుతుంది. చూపు కిందికి దించి గడలను చూస్తూ ఆడేవారు త్వరగా తడబడతారు, దెబ్బను చెవితో పట్టుకున్నవారే నిలుస్తారు. పాశ్చాత్య పాఠశాలల్లో వ్యాయామంగా నేర్పేటప్పుడు దీన్ని నాలుగు మాత్రలకు మార్చారు. అలా మార్చినప్పుడు పక్షి నడకలోని ఆ తూగు పోయిందని నా అభిప్రాయం.

మిజోల చెరావ్‌కు దీనితో పోలిక ఉన్నమాట నిజమే. అయితే చెరావ్‌లో అనేక జతల గడలను అడ్డంగా, నిలువుగా పరుస్తారు. మగవారు ఎదురెదురుగా కూర్చుని గడలను ఆడిస్తుంటే ఆడవారు బృందంగా అడుగులు వేస్తారు. ప్రసవంలో మరణించిన తల్లి ఆత్మశాంతి కోసం జరిపే క్రతువుతో దానికి సంబంధం ఉందని మిజోలు చెబుతారు. వెదురు పెరిగే నేలల్లో వెదురు ఆటలు ఎవరికి వారుగా పుట్టడంలో వింత లేదు కనుక, ఒకదాని నుంచి మరొకటి వచ్చిందనడం తొందరపాటవుతుంది.

ఇక శిక్ష కథ. తోటల్లో పని సరిగా చేయని రైతులను ముళ్ల వెదురు గడల మధ్య నిలబెట్టి కాళ్ల మీద కొట్టేవారని, ఆ దెబ్బలు తప్పించుకోవడం నుంచే నృత్యం పుట్టిందని ఆ కథ. దీన్ని చరిత్రగా స్వీకరించడానికి తగిన ఆధారం లేదు. పరపాలనలో ఒక జాతి పడిన బాధ ఆ కథలో పలుకుతోంది కాబట్టి దాన్ని గౌరవంగానే వినాలి, కానీ మీ అమ్మాయికి నృత్యం పుట్టుకను చెప్పవలసివస్తే పక్షి సంగతే చెప్పండి.

ప్రశ్న: పండంగ్గో, హోటా, కురాచా వంటి పేర్లన్నీ స్పానిష్ పేర్లలాగే ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌వారికి సొంత నృత్యాలు లేవా?
– ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉన్నాయి, స్పెయిన్ రాకకు ఎంతో ముందు నుంచీ ఉన్నాయి. 1521లో మాజెలాన్ నౌకల వెంట వచ్చిన పిగఫెట్టా, సెబూ దీవిలో అమ్మాయిలు కంచు గంటలు, డోలు వాయించడం, నాట్యమాడడం చూసి తన యాత్రా వృత్తాంతంలో రాసుకున్నాడు. ఉత్తరాన కార్డిలేరా కొండల్లో గాంగ్సా అనే చదునైన కంచు గంటల మోతకు కలింగ స్త్రీలు తలమీద మట్టికుండలు దొంతరగా పేర్చుకుని ఆడే నృత్యం, దక్షిణాన సులు దీవుల్లో తౌసుగ్ ప్రజలు వేళ్లను వెనక్కి వంచి, పొడవాటి లోహపు గోళ్లు తొడుక్కుని మెల్లగా ఆడే పంగాలాయ్, ఇవి స్పెయిన్ నీడ పడనివి. పంగాలాయ్‌ను దశాబ్దాలపాటు పరిశీలించి, నేర్చి, నేర్పిన లిగాయా ఫెర్నాండో అమిల్‌బాంగ్సాకు 2015లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

1565 నుంచి 1898 వరకు సాగిన స్పానిష్ పాలనలో మైదాన ప్రాంతాలవారు క్రైస్తవులయ్యారు, దొరల ఇళ్లలోని నృత్యాలు ఊళ్లకు చేరాయి. పేరు స్పెయిన్‌దే, కానీ ఊరు చేరాక అది ఊరిదైపోయింది. ఫండాంగో అనే స్పానిష్ నృత్యం మిందోరో ప్రాంతంలోని లుబాంగ్ దీవికి వచ్చి ‘పండంగ్గో స ఇలావ్’ అయింది. ఇలావ్ అంటే దీపం. నర్తకి తలమీద ఒక నూనెదీపం, రెండు అరచేతుల వెనుకవైపున చెరొక దీపం నిలిపి, ఒక్క చుక్క నూనె చిందకుండా తిరుగుతుంది. పంగాసినాన్‌లోని లింగాయెన్‌లో దీపాలను గుడ్డలో చుట్టి గుండ్రంగా ఊపుతూ ఆడే మరో నృత్యం ఉంది. వేట బాగా దొరికిన నాడు జాలరులు సంబరంగా ఆడినది ఇది. స్పెయిన్‌వారి హోటాకు టార్లాక్‌లోని మొంకాడ ఊరివారు వెదురుతో చేసిన చిటికెల తాళం జోడించారు. సమర్, లేటే దీవుల్లో పెళ్లి విందుల్లో ఇప్పటికీ కురాచా ఆడతారు, ఆడుతున్న జంట మీద బంధువులు డబ్బు విసురుతారు, అది కొత్త కాపురానికి కానుక అవుతుంది.

ప్రశ్న: ఇన్ని దీవుల నృత్యాలను మొదట సేకరించినదెవరు?
– ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఫ్రాన్సిస్కా రేయెస్ అకినో అనే వ్యాయామ ఉపాధ్యాయిని. ఆమె 1899లో బులకాన్ రాష్ట్రంలో పుట్టారు. అమెరికన్ల పాలనలో పాఠశాల పిల్లలకు ఐరోపా దేశాల జానపద నృత్యాలు నేర్పుతుండగా, మన నృత్యాలు ఎందుకు నేర్పకూడదని ఆమె పల్లెలు తిరిగారు. 1926లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం ఈ పనికి పునాది. 1934లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు హోర్హే బొకోబో ప్రోత్సాహంతో, స్వరకర్త ఆంటోనినో బ్యుయెనవెంచురా తోడుగా ఆమె మళ్లీ బయలుదేరారు. వృద్ధులు ఆడి చూపిన అడుగులను ఆమె రాసుకుంటే, ఆయన పాటల బాణీలను నమోదు చేశారు. ఆ కృషి ఆరు సంపుటాలైంది. 1962లో మెగసెసె పురస్కారం, 1973లో నృత్యరంగంలో జాతీయ కళాకారిణి బిరుదు ఆమెను వరించాయి. ఆమె ఆ రోజు కదలకపోయి ఉంటే ఎన్నో నృత్యాలు ఆ వృద్ధులతోపాటే వెళ్లిపోయేవి.

ప్రశ్న: సింగ్‌కిల్ నృత్యం రామాయణ ఘట్టమేనని ఒకరు పంపిన సందేశంలో చదివాను. ఎంతవరకు సరి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సరికాదు, అయితే రామాయణానికీ ఆ ప్రజలకూ బంధం మాత్రం ఉంది. సింగ్‌కిల్ మిందనావ్ దీవిలోని లనావ్ సరస్సు చుట్టూ నివసించే మరనావ్ ముస్లింలది. పేరుకు పాదం చిక్కుకోవడమని అర్థం. దాని కథామూలం 17 భాగాలు, 72,000 పంక్తుల దరంగెన్ అనే మౌఖిక ఇతిహాసం. పెళ్లిళ్లలో దీన్ని రాత్రుల తరబడి గానం చేస్తారు. యునెస్కో 2005లో దీన్ని మానవాళి వారసత్వ సంపదగా ప్రకటించింది. ఇస్లాం రాకకు పూర్వపుదైన ఈ ఇతిహాసంలో సంస్కృత సంప్రదాయపు ఛాయలు ఉన్నాయి. అదిగాక ‘మహారాదియా లవానా’ అనే రావణ కథ మరనావ్‌లలో విడిగా ఉంది. పండితుడు హువాన్ ఫ్రాన్సిస్కో దాన్ని సేకరించి 1969లో ప్రచురించారు. అందులో రాముడు రాదియా మంగందిరి, లక్ష్మణుడు మంగవర్న, లక్సమన అనే పేరు వానరునిది. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే ఆ సందేశం పుట్టి ఉంటుంది.

సింగ్‌కిల్ కథ వేరు. అడవిలో యక్షులు సృష్టించిన భూకంపంలో చిక్కుకున్న రాకుమారి గందింగన్, కూలుతున్న చెట్ల నడుమ తొణకక నడిచిపోతుంది. ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టిన వెదురు గడలే ఆ చెట్లు. చేతుల్లో విసనకర్రలు, వెనుక గొడుగు పట్టిన పరిచారిక, ముఖంలో చలనం లేదు. లోకానికి దీన్ని పరిచయం చేసినది 1957లో ఏర్పడిన బయానిహాన్ బృందం. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనతో ఆ బృందానికి పేరు వచ్చింది. ఆ వేదిక కోసం నృత్యంలో మార్పులు చేశారు, నాటకీయత పెంచారు. ఉన్నత వంశపు అవివాహిత కన్యలు ఆడవలసిన తమ నృత్యం కొత్త రూపమెత్తిందని మరనావ్‌లు కొందరు అభ్యంతరం చెబుతున్నారు. వారి మాటలో న్యాయం ఉంది. వేదిక మీద చూసినదాన్ని మెచ్చుకుంటూనే, అది మరనావ్‌లదని పేరు పెట్టి చెప్పడం కనీస మర్యాద.

ప్రశ్న: కొబ్బరి చిప్పలతో ఆడే నృత్యం కూడా అక్కడ ఉందట?
– కొబ్బరి రైతు, అమలాపురం

జవాబు: లగునా రాష్ట్రంలోని బిన్యాన్ ఊరి మగ్‌లలాతిక్ అది. కొబ్బరిపాలను కాస్తే నూనె తేలి అడుగున ఎర్రగా మిగిలే మడ్డిని లాతిక్ అంటారు. ఆ లాతిక్ కోసం మోరోలకూ (దక్షిణ ఫిలిప్పీన్స్ ముస్లింలకు ఆ పేరు) క్రైస్తవులకూ జరిగిన పోరును మగవారు ఆడి చూపుతారు. మోరోలకు ఎర్ర పంట్లాలు, క్రైస్తవులకు నీలివి. ఛాతీకి, వీపుకు, తొడలకు చిప్పలు కట్టుకుని, చేతుల్లోని చిప్పలతో తమవాటిమీదా ఎదుటివారి వాటిమీదా టకటకా దెబ్బ వేస్తారు. నాలుగు భాగాల్లో మొదటి రెండూ పోరు, చివరి రెండూ సయోధ్య. పగలు ఇంటింటా ఆడి డబ్బు తీసుకుంటారు, సాయంత్రం రైతుల పాలిటి పునీతుడైన సాన్ ఇసిడ్రో ఊరేగింపులో అదే నృత్యాన్ని మొక్కుగా ఆడతారు. ఆయన పండుగ మే 15న.