సోరియాసిస్ ఉన్నవాళ్లకు కీళ్లనొప్పులు ఎందుకు వస్తాయి? అదుపులో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ ఆలస్యం చేయకూడదు. ఇది కీళ్ల అరుగుదల కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి చర్మంతో పాటు కీళ్లనూ దెబ్బతీస్తుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లలో 30 శాతం దాకా ఈ సోరియాటిక్ ఆర్థరైటిస్ రావచ్చు. చాలామందికి ముందు మచ్చలు వస్తాయి, కొన్నేళ్లకు నొప్పులు మొదలవుతాయి.

పొద్దున లేవగానే చొక్కా గుండీ కూడా పెట్టుకోలేనంతగా వేళ్లు పట్టేసి, అరగంట దాటినా వదలక, కాస్త కదిలాక సడలుతుంటే అనుమానించండి. అరుగుదల నొప్పి సాధారణంగా పని చేసేకొద్దీ పెరుగుతుంది. ఒకే వేలు మొదలు నుంచి కొస దాకా ఉబ్బడం, మడమ వెనక నొప్పి, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు కూడా గుర్తులే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నెయిల్ పాలిష్ తీసేసి వెళ్లండి, గోళ్లు చాలా చెబుతాయి.

కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష ఇందులో సాధారణంగా నెగటివ్ వస్తుంది. అది చూసి ఏమీ లేదనుకోవద్దు, రుమటాలజిస్టును (కీళ్లవాత నిపుణుణ్ని) కలవండి. ఒకసారి దెబ్బతిన్న ఎముక మళ్లీ మామూలు కాదు.

నొప్పి మాత్రలు ఉపశమనం ఇస్తాయి కానీ కీలు దెబ్బతినకుండా ఆపలేవు. అందుకు రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మెథోట్రెక్సేట్ లాంటి మందులు, అవి చాలకపోతే వాపు కలిగించే పదార్థాలను గురిపెట్టి అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడతారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. బరువు తగ్గితే మందులు బాగా పనిచేస్తాయి. నొప్పి తగ్గింది కదా అని మందులు మీ అంతట మీరు ఆపేయకండి.